రాజవ్వ మాట మొత్తం

మూలవాడ చరిత్ర సంఘం దినచర్య పుస్తకం
రాస్తున్నది: కంసోజు భూదేవి

ఏప్రిల్ 6

పొద్దున ఐదింటికి సంఘం తలుపు తీశాను. బయట తిరగొద్దని హెచ్చరించే ఎండ సైరన్ ఇప్పుడు తొమ్మిదింటికే మోగుతోంది కాబట్టి పనులన్నీ ఆలోపే ముగియాలి. గాలిలో తేమను లాగే డబ్బాలో రెండు చెంబుల నీళ్ళు చేరాయి. కాగితాలకు చేటు చేసే ఆ నీళ్ళే మాకు తాగడానికి. మూడో బీరువా వెనక చెదలు దారి కట్టాయి. వేపనూనె గుడ్డతో తుడిచి, లోపలి కట్టలన్నీ బల్లమీద పరిచాను.

ఆరింటికి మొయినుద్దీన్ సారు వచ్చారు. మా సంఘానికి అధ్యక్షులు, డెబ్బై ఎనిమిదేళ్ళ బడిపంతులు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, పంపుల మెకానిక్‌ని. పన్నెండేళ్ళ కిందట ఇక్కడి మోటారు బాగుచేయడానికి వచ్చి, దాని చుట్టకు పూసిన వార్నీషు ఎండేదాకా కూర్చున్న ఆ గంటలో ఒక పాత ఉత్తరం చదివాను. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాను. అలా ఉండిపోయాను.

సారు చేతిలో ప్రభుత్వ వారసత్వ మండలి కబురుంది. ఊళ్ళో కట్టిన జ్ఞాపక మందిరం పద్నాలుగున తెరుస్తారట. అందులో మా రాజవ్వ మాట్లాడుతుందట.

రాజవ్వ పోయి నలభై ఏళ్ళు. పాత మూలవాడ జలాశయంలో మునిగినప్పుడు పుట్టి వేసుకుని జనాన్ని ఈ గుట్టకు చేర్చింది ఆమే. పుట్టి అంటే తోలు కప్పిన గుండ్రటి తట్ట పడవ. ఆమె గొంతు ఒక్క టేపులోనే ఉంది. సారు వాళ్ళ నాన్న కరీముద్దీన్ గారు రికార్డు చేశారు. ఫోన్లలో ఉన్నదాన్ని ఎవరైనా మార్చేస్తారని, అప్పటికే పాతబడిన టేపురికార్డరు ఎక్కడినుంచో వెతికి తెచ్చి మరీ చేశారట. పోయినేడు మండలివాళ్ళు వచ్చి దానికి నకలు తీసుకున్నారు. ఆ గొంతుతోనే ఇప్పుడు పలుకుబొమ్మను, అంటే అడిగితే జవాబిచ్చే వెలుతురు బొమ్మను, తయారుచేశారు.

"మా అబ్బ ఉంటే సంబరపడేటోడు" అన్నారు సారు. నేనూ సంబరపడ్డాను. అది కూడా రాయాలి.

ఏప్రిల్ 14

మందిరం తెరిచారు. లోపల చల్లగా ఉంది. చిన్న వేదిక మీద రాజవ్వ నిలబడి ఉంది. నల్లచీర, మోచేతిదాకా గాజులు, చేతిలో తెడ్డు. అద్దంలో నీడలా కాదు, మనిషిలాగే ఉంది. ఆమె నోరు విప్పి "అందరు మంచిగున్నరా?" అనగానే ముందువరసలో ముసలివాళ్ళు ఏడ్చేశారు. ఆ గొంతు అచ్చంగా ఆమెదే.

అడిగినవాటికి జవాబులు చెప్పింది. పుట్టికి తోలు ఎలా కుట్టేదో, ఏటిలో ఏ చేప ఎప్పుడు దొరికేదో చెప్పింది.

అప్పుడు లింగవ్వ లేచింది. ఊరు మునిగిన రోజును చూసినవాళ్ళలో ఇప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే; సారు వాళ్ళు ఈ గుట్టకు తర్వాతే వచ్చారు. అప్పుడు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు డెబ్బై నాలుగు. కర్ర పట్టుకుని వేదిక దాకా నడిచింది.

"రాజత్తా, నన్ను గుర్తువట్టినవా? కావలోళ్ళ లింగిని. మా అన్న చంద్రయ్య యాడున్నడే?"

బొమ్మ నవ్వింది. "అందరం పైకొచ్చినం బిడ్డా. డప్పులు కొట్టుకుంట వచ్చినం. ఎవ్వలికేం కాలే."

ఆ రోజు ఏడుగురు పోయారని ఇక్కడ అందరికీ తెలుసు. చంద్రయ్య వాళ్ళలో ఒకడు, పన్నెండేళ్ళవాడు.

లింగవ్వ కర్ర ఎత్తి వేదికను కొట్టింది. "గిది రాజత్త గాదు. రాజత్త అబద్ధమాడది."

ఆమెను పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. కొంగుతో మొహం కప్పుకుంది. దుఃఖం అనుకున్నాను. కాదు, కోపం.

ఏప్రిల్ 16

మండలి అధికారిణి ప్రియంవద గారు మా సంఘానికే వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెప్పులు గుమ్మంలో విడిచి, తడి గోనెపట్టా తెర తప్పించుకుని లోపలికి వచ్చారు.

"బొమ్మ అబద్ధం చెప్పదండీ. ఉన్న ఆధారాలన్నీ తూకం వేసి, ఎక్కువగా ఏది నిజమై ఉంటుందో అది చెబుతుంది. ఆ రోజులవి రెండు వందల పద్నాలుగు కాగితాలున్నాయి. అన్నింటిలోనూ ప్రాణనష్టం లేదనే ఉంది. ఏడుగురు అంటున్నది ఒక్క టేపు."

"ఆ కాగితాలన్నీ డ్యాం కట్టించిన ఒక్క ఆఫీసువే గదా మేడం" అన్నాను. "ఒక్కడే రెండొందల సార్లు చెప్తే రెండొందల మంది చెప్పినట్టా?"

ఆమె నెమ్మదిగా అన్నారు. "మా తాతయ్య కొట్లాటల ఏళ్ళలో చనిపోయారు. ఎవరో తయారుచేసిన దొంగ వీడియో చూసి జనం ఆయన దుకాణం మీద పడ్డారు. ఎవరికి వారు ఒక గతం పట్టుకుని తిరిగితే ఏమవుతుందో మా ఇంట్లో తెలుసు. అందుకే ఈ తూకం. అందుకే ఒకే ప్రతి నియమం."

ఆ నియమం మాకు తెలియనిది కాదు. నకలు తీసుకున్నాక అసలు పత్రాలను మండలి స్వాధీనం చేసుకుని కరిగించేస్తుంది. ఇన్నాళ్ళూ మా జిల్లా వంతు రాలేదు. ఇప్పుడు వచ్చింది. మే ఇరవైలోగా టేపుతో సహా అన్నీ అప్పజెప్పాలి.

"లింగవ్వ కండ్లతోని చూసింది గదమ్మా" అన్నారు సారు.

"తొమ్మిదేళ్ళ పిల్ల, అరవై ఐదేళ్ళ కిందటి సంగతి. తూకంలో దానికి బరువు తక్కువ సార్." ఆమె ఆగి, ఇంకో మాట అన్నారు. "ఇది చెప్పకూడదనుకున్నాను. ఏటా ఊరు మునిగిన రోజున మీ సంఘం ఆ టేపు వినిపిస్తుంది కదా? మీ కార్యక్రమ పత్రాలు చూశాను. ఎప్పుడూ మొదటి పన్నెండు నిమిషాలే వినిపించారు. యాభై ఏళ్ళుగా. అవి కూడా తూకంలోకి వెళ్ళాయి."

ఆమె వెళ్ళిపోయాక సారు టేపు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అది నిజమే. ముందే గుట్టకు చేరినవాళ్ళు డప్పులతో ఎక్కిన ముచ్చట మొదటి పన్నెండు నిమిషాల్లో ఉంది. తర్వాతిది వింటే జనం తట్టుకోలేరని కరీముద్దీన్ గారే అక్కడ ఆపేసేవారు. సారూ అలాగే చేశారు. పన్నెండేళ్ళుగా ఆ మీట నొక్కి ఆపుతున్న వేలు నాది.

ఏప్రిల్ 27

పది రోజులుగా కాగితాలు వెతుకుతున్నాం. ఆ రోజులది, ఆ ఆఫీసుది కాని కాగితం ఒక్కటైనా కావాలి.

ఈ రోజు దొరికింది. గుట్టమీద కొత్తగా పెట్టిన బడి మొదటి హాజరు పట్టీ. తడిసి పేజీలు అట్టకట్టుకుపోయాయి. వాటిని విడదీయడం మోటారు చుట్ట విప్పడం లాంటిదే, తొందర పనికిరాదు. కుండలో నీళ్ళు కాచి, ఆవిరి తగిలిస్తూ, వెదురు చీలికతో ఒక్కో పేజీ లేపాను. ఐదో పేజీలో అప్పటి హెడ్మాస్టరు పాత బడి పిల్లల పేర్లన్నీ తిరిగి రాసుకున్నాడు. చంద్రయ్య, పెంటమ్మ, దస్తగిరి అనే మూడు పేర్ల ఎదురుగా గడులు ఖాళీగా ఉన్నాయి. వాటి చివర ఎర్రసిరాతో రాశాడు: "రాలేదు. ఇక రారు."

సారుకు చూపిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ హెడ్మాస్టరు ప్రభుత్వ ఉద్యోగి. ప్రాణనష్టం లేదని సంతకం పెట్టుమని అడిగిన్రట. పెట్టిండట గూడ. పెట్టి, ఇంటికొచ్చి ఇది రాసుకున్నడు."

ప్రియంవద గారికి కబురు పెట్టాం. సాయంత్రం ఎండ తగ్గగానే వచ్చి, పేజీకి తనే స్వయంగా నకలు తీసుకున్నారు. "ఇది బరువైన ఆధారమే" అన్నారు. ఆమె మొహంలో కూడా సంతోషం కనిపించింది.

మే 5

బొమ్మ మాట మారింది. లింగవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాను. పొద్దున ఏడింటికి మందిరంలో నలుగురైదుగురే ఉన్నారు.

"రాజత్తా, మా అన్న ఏమైండు?"

బొమ్మ తల కొంచెం వంచింది. దుఃఖం ఎలా ఉంటుందో దానికి నేర్పినట్టున్నారు. "ఆ దినం కొందరు పోయిన్రని కొందరంటరు బిడ్డా. ఎవ్వలు పోలేదని కొందరంటరు. ఏదైనా గానీ, కష్టకాలం."

నాకైతే మొదటి మాటే నయమనిపించింది. ఎవరికీ ఏమీ కాలేదంటే అది అబద్ధమని చెప్పొచ్చు. కొందరంటారు అంటే ఏమని చెప్పాలి?

లింగవ్వ ఈసారి కర్ర ఎత్తలేదు. "కొందరెవ్వలే?" అంది. "వాని చెయ్యి నా చేతిల ఉండె. నేను కొందర్నా?"

ఆమెను ఇంటికి తీసుకొచ్చాను. ఇంటి గడప దగ్గర ఆగి, "ఆ టేపుల నా ముచ్చట ఉన్నదా?" అని అడిగింది. ఆమె ఎన్నడూ మా కార్యక్రమాలకు రాలేదు. ఆ పన్నెండు నిమిషాలు కూడా వినలేదు.

"ఉన్నదవ్వా."

"ఏమున్నది?"

నాకు తెలుసు. అయినా చెప్పలేకపోయాను. "నువ్వే ఇనాలె" అన్నాను.

మే 9

సంఘం సమావేశం. సుదర్శనం మా కార్యదర్శి, మంచివాడు, భయస్థుడు. అప్పజెప్పేద్దామన్నాడు.

"ఇయ్యకుంటే సంఘం రద్దయితది, బిల్డింగు వోతది. గిన్ని పెట్టెలు యాడ వెడ్తం? ఎండకు పొడైపోతయి. టేపు నకలు వాళ్ళ దగ్గర ఉండనే ఉన్నది గద, అంతో ఇంతో మిగుల్తది."

"అంతో ఇంతో మిగిలిందే గద ఆడ నిలవడి మాట్లాడుతున్నది" అన్నాను.

సారు టేపురికార్డరు బల్లమీద పెట్టి మీట నొక్కారు. మొదట్లో ఒక ముక్క ఉంది. ముందు సరిచూసుకోవడానికి మాట్లాడిందని, దాన్ని ఎప్పుడూ దాటవేసేవాళ్ళం. రాజవ్వ గొంతు: "ఇగో కరీము సారూ, నేను చెప్పేది మొత్తం పట్టాలె. సగం పట్టేటట్టయితే గా డబ్బా ఇప్పుడే బందువెట్టు."

సారు ఆపేశారు. "యాభై ఏండ్లు మేం సగం ఇనిపిచ్చినం. ఇప్పుడు వీళ్ళు సగానికి సగం చేసిన్రు. తప్పు మా ఇంట్లనే మొదలైంది. నేను దీన్ని ఇయ్య. నా పానం ఉన్నంతసేపు ఇయ్య. వాళ్ళు గుంజుకునేలోపల మొత్తం ఇనిపిస్త."

సుదర్శనం తల గోక్కున్నాడు. "యాడ ఇనిపిస్తవ్ సారూ?"

"ఆమె నిలవడ్డకాడనే."

తీర్మానం రాశాను. ముగ్గురం చేతులెత్తాం. సుదర్శనం చెయ్యి ఆఖరున లేచింది, అయినా లేచింది.

మే 20

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదింటికి మందిరం నిండిపోయింది. మేం చెప్పింది నలభై ఇళ్ళకు. వచ్చినవాళ్ళు మూడు వందల పైమాటే. ప్రియంవద గారు, పత్రాలు తీసుకెళ్ళడానికి మండలి పంపిన ఇద్దరు మనుషులు వాకిట్లో బండితో నిలబడి ఉన్నారు. పెట్టెలన్నీ మందిరం లోపలే అప్పజెప్తామని అనుకున్నారు. సారు ఒక్క టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నారు. దానికి నేను విడిగా బ్యాటరీ కట్టి ఉంచాను.

మీట నొక్కారు. రాజవ్వ మాట మొదలైంది. వెంటనే వేదిక మీది బొమ్మ కూడా మాట్లాడసాగింది. ఎవరు మాట్లాడినా జవాబు చెప్పడం దానికి నేర్పిన పని. ఒకే గొంతు రెండు నోళ్ళనుంచి. ఒకటి "మొత్తం పట్టాలె" అంటే, రెండోది "కొందరంటరు" అంటోంది. చెవులు మూసుకోవాలనిపించింది.

మెయిన్ స్విచ్ ఎక్కడుందో మందిరం తెరిచిన రోజే చూసి పెట్టుకున్నాను. వెళ్ళి దించేశాను. బొమ్మ మాయమైంది. దీపాలు, చల్లగాలి అన్నీ పోయాయి. కిటికీల్లోంచి పడే వెలుగులో ఖాళీ వేదిక మిగిలింది.

మండలి మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. నేను స్విచ్చుకు వీపు ఆనించి నిలబడ్డాను. "ముప్పై ఏండ్లు కరెంటు పని చేసిన. నన్ను జరిపి చూడు" అన్నాను. వాడు ప్రియంవద గారి వైపు చూశాడు.

ఆమె నా దగ్గరికి వచ్చారు. "ఎంతసేపు?"

"నలభై ఒక్క నిమిషాలు."

"ఇప్పుడు ఎనిమిదిన్నరకే సైరన్ మోగుతోంది. చల్లగాలి లేకుండా ఇంతమంది ఇక్కడ..."

"తెలుసు."

ఆమె తన మనిషికి ఆగమని చేత్తో సైగ చేసి, నేలమీద కూర్చున్నారు.

సైరన్ మోగింది. ఎవరూ లేవలేదు. చీరకొంగులతో, చేతికందిన కాగితాలతో విసురుకున్నారు. ఇళ్ళనుంచి తెచ్చుకున్న నీళ్ళు చేతులు మారాయి. పన్నెండో నిమిషం వచ్చింది. నా వేలు దానంతటదే కదిలింది. పిడికిలి బిగించాను. టేపు ముందుకు నడిచింది.

"పద్నాలుగో తారీకు అన్నరు. పన్నెండో తారీకు పొద్దుగాలనే గేట్లు దించిన్రు. మాకెవ్వలు చెప్పలే. నేను మూడుమాట్లు పుట్టి తోలిన. వడ్ల రామచంద్రం, ఆయన పెండ్లాం ఈశ్వరమ్మ, మంచంల ఉన్న సాయవ్వ ఇండ్లల్లనే ఉండిపోయిన్రు. గొల్ల బీరయ్య మేకల కోసం ఎనుకకు మర్లవోయిండు. నాలుగోమాటు పోయేసరికి బడిగోడ మీద నలుగురు పోరగాండ్లు నిలవడ్డరు. నాకు లింగి చెయ్యి అందింది. దాని ఇంకో చెయ్యి వాళ్ళన్న పట్టుకున్నడు. నేను గుంజిన. గోడ కూలింది. నేను గట్టిగ గుంజితే వాని చెయ్యి జారెనో ఏమో. కొద్దిగ నిమ్మళంగ గుంజితే ఇద్దరొస్తుండిరో ఏమో. నాకెర్క లేదు. పిల్ల నా మొకం జూస్తే ఏమంటదో అని, దాని ఇంటి ముంగట్నుంచి ఎన్నడు నడువలే."

లింగవ్వ లేచి నిలబడింది. సారు టేపు ఆపబోయారు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. రాజవ్వ ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి ముగించేదాకా అలాగే నిలబడింది. టేపు చివర ఉత్త గరగర మాత్రం మిగిలాక ఆ ఖాళీ వేదిక వైపు తిరిగి మాట్లాడింది.

"నువ్వు గుంజినందుకు గాదు రాజత్తా. మా అన్ననే ఇడిసిండు. నన్ను నీ పుట్టిలకు నూకి, వాడే చెయ్యి ఇడిసిండు. నేను జూసిన. ఈ ముచ్చట అడిగినోళ్ళు లేరు, నేను చెప్పలే. నువ్వు బతికినన్నేండ్లు నా మొకం జూడనందుకు కోపమని నేననుకున్న. నాది తప్పని నువ్వనుకుంటున్నవేమో అనుకున్న."

అంత చెప్పి కూర్చుంది. ఆమె పక్కన ఉన్నామె చంద్రయ్య పేరు గట్టిగా పలికింది. తర్వాత వరసగా మిగతా పేర్లు. మూడు వందల మంది ఆ ఏడు పేర్లూ పలికారు. ఎవరో చెప్పమన్నారని కాదు.

ప్రియంవద గారు లేచి సారు దగ్గరికి వెళ్ళారు. టేపు కోసం చెయ్యి చాపుతారనుకున్నాను. "నేను రాసే నివేదికలో ఇది జరిగిందని రాస్తాను సార్. పత్రాలు అప్పజెప్పలేదని కూడా రాస్తాను" అన్నారు.

"రాయి బిడ్డా. రెండూ నిజమే" అన్నారు సారు.

మండలి మనుషులు సంఘానికి వెళ్ళి చూస్తే బీరువాలు ఖాళీగా ఉన్నాయి. తెల్లారేసరికే పెట్టెలన్నీ ఇరవై రెండు ఇళ్ళకు చేర్చింది సుదర్శనం. తన బండి మీద తనే తోలాడు.

జూన్ 11

సంఘం భవనానికి తాళం పడి మూడు వారాలు. ఈ పుస్తకం మా ఇంట్లో రాస్తున్నాను. చెదలకు వేపనూనె ఇప్పుడు ఇరవై రెండు ఇళ్ళలో పట్టించాలి. పని పెరిగింది. కాళ్ళు నొప్పులు. టేపు ఏ ఇంట్లో ఉందో ఈ పుస్తకంలో రాయను.

మందిరం మళ్ళీ తెరిచారు. బొమ్మ ఇంకా "కొందరంటరు" అనే చెబుతోంది. అది విని బయటికొచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరినైనా పట్టుకుని అడుగుతున్నారు. అడిగినవాళ్ళను కూర్చోబెట్టి ఎవరింట్లో ఉన్న కాగితం వాళ్ళు చూపిస్తున్నారు. ఎర్రసిరా పేజీ సుదర్శనం ఇంట్లో ఉంది. మొన్న ఒక్క పొద్దుటిపూటే పదకొండు మంది వచ్చారట. చూపించీ చూపించీ గొంతు పోయిందని చెబుతున్నాడు, గర్వంగా.

ఈ పొద్దున లింగవ్వ ఇంటికి చెదలు చూడడానికి వెళ్ళాను. అక్కడికే ప్రియంవద గారు వచ్చారు, చేతిలో కాగితంతో. మనుషులతో పంపించవచ్చు. తనే వచ్చారు. గుమ్మంలో నిలబడి చదివారు. మూలవాడ చరిత్ర సంఘం నమోదు రద్దయింది. ఈ తేదీనుంచి ఆ పేరుతో ఏ సంఘమూ లేదు. కింద ఆమె సంతకమే ఉంది.

లింగవ్వ మంచం మీదనుంచే అడిగింది. "ఏమంటున్నది బిడ్డా ఆ కాగితం?"

"సంఘం లేదంటున్నదవ్వా" అన్నాను.

"అరవై అయిదేండ్ల కింద ఊరే లేదని రాసిచ్చిన్రు" అంది ఆమె. "ఆడ ఎవ్వలు సావలేదని రాసిచ్చిన్రు. గిది మనకు కొత్తనా? లోపలికి రా అమ్మా, ఎండల నిలవడ్డవ్. మంచినీళ్ళు తాగు. మా అన్న ముచ్చట నువ్వు మొత్తం ఇనలే. వాడు ఈత ఎట్ల కొట్టేటోడో, మాస్టరుతోని ఎన్ని దెబ్బలు తినేటోడో నేనింక చెప్పనేలే."

ప్రియంవద గారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద కూర్చున్నారు. లింగవ్వ చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఆ కాగితం తీసుకుని మడత సరిచేశాను. దబ్బనంతో అంచున రెండు చిల్లులు పొడిచి దారం కట్టి, పైన తేదీ వేశాను. కింద ఇలా రాశాను:

మండలి ఉత్తరువు, ఒకటి. అసలు ప్రతి. సంఘం భద్రపరిచింది.